బూరెకి యూరిన్ ఆగిపోయి చావు తప్పింది. ఇక డ్రై ఫుడ్ పూర్తిగా మానేయాలా?

బూరె_వాళ్లమ్మ
మా బూరెకి నాలుగేళ్లు. నారింజ రంగు గండుపిల్లి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, బరువు 5.8 కిలోలు. కూనగా తెచ్చిన రోజు నుంచి డ్రై ఫుడ్ తప్ప ఇంకోటి తినలేదు. గిన్నె ఎప్పుడూ నిండుగా ఉంచేవాళ్లం. ఆకలేసినప్పుడల్లా వచ్చి నాలుగు గింజలు నమిలి పోయేవాడు.

పోయిన నెల ఒక రాత్రి రెండింటికి లిట్టర్ బాక్స్ గోకుతున్న చప్పుడుకి మెలకువ వచ్చింది. వెళ్లి చూస్తే నడుం వంచి కూర్చున్నాడు, తోక సన్నగా వణుకుతోంది. లేచాడు, ఇసుక కప్పాడు, పక్కనే మళ్లీ తవ్వాడు, మళ్లీ కూర్చున్నాడు. చెయ్యి పెట్టి చూశాను, ఎక్కడా తడి లేదు. మోషన్ రావట్లేదేమో, తెల్లారాక చూద్దాం అనుకున్నాను. ఐదింటికి బాత్రూం గచ్చు మీద పడుకుని ఉన్నాడు. పొట్ట మీద చెయ్యి వేయబోతే అరిచాడు. ఈ నాలుగేళ్లలో ఆ అరుపు నేనెప్పుడూ వినలేదు.

తెల్లారగానే ఆసుపత్రికి తీసుకెళ్తే యూరిన్ దారి మూసుకుపోయిందన్నారు. కేథటర్ (యూరిన్ బయటికి పోయే గొట్టం) వేసి మూడు రోజులు ఉంచుకున్నారు. ఇప్పుడు ఇంటికొచ్చాడు, తింటున్నాడు. డాక్టరు వెట్ ఫుడ్ (పౌచ్‌లలో వచ్చే తడి తిండి) అలవాటు చేయమన్నారు. మేం కొనే షాపులో అడిగితే వెట్ పెడితే పళ్లు పాడవుతాయి, డ్రై ఆపొద్దన్నారు. మా అత్తగారు "పిల్లికి చేపన్నం పెట్టక ఈ బిస్కెట్లేమిటి" అంటున్నారు. మావారు నెల ఖర్చు లెక్క వేసి తల పట్టుకున్నారు. మీ ఇళ్లలో ఏం పెడుతున్నారో, ఎందుకు పెడుతున్నారో చెప్పండి. నాకు రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.

గాజువాక_గిరి
మా ఇంట్లో మూడు పిల్లులు, తొమ్మిదేళ్లుగా డ్రైయే. పెద్దదానికి పదకొండు వచ్చాయి. ఒక్కదానికీ ఈ సమస్య రాలేదు. నాది షిఫ్ట్ డ్యూటీ, పౌచ్ విప్పి పెట్టి పోతే సాయంత్రానికి చీమలు తింటాయి కానీ పిల్లులు తినవు. జరిగిన ప్రతిదానికీ డ్రై ఫుడ్‌నే తిట్టడం న్యాయం కాదు.

రెండు_గండుపిల్లులు
గిరి గారూ, మీ మూడింటిలో గండుపిల్లులెన్ని?

గాజువాక_గిరి
మూడూ ఆడవే.

రెండు_గండుపిల్లులు
తేడా అక్కడే ఉందండీ. మగపిల్లి యూరిన్ దారి చివరికొచ్చేసరికి బాగా సన్నబడుతుంది. చిన్న రాయి, క్రిస్టల్స్ (యూరిన్‌లో కట్టే సన్నటి రేణువులు) కలిసిన జిగురు ముద్ద, ఏది అడ్డుపడినా మూసుకుపోతుంది. ఆడపిల్లులకు మంట, నొప్పి వస్తాయి కానీ ఇలా పూర్తిగా ఆగిపోవడం చాలా అరుదు.

నా హ్యాండిల్‌లో రెండు అని ఉన్నా ఇప్పుడు ఇంట్లో ఉన్నది ఒకటే. 2021లో మసిగాడు పోయాడు. వాడు లిట్టర్ బాక్స్ చుట్టూ తిరగడం నేనూ చూశాను. "ఎండాకాలం కదా, యూరిన్ తక్కువ వస్తోంది" అనుకుని ఒకరోజు గడిపేశాను. రెండో రోజు సాయంత్రం ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి గుండె లయ తప్పింది. యూరిన్ బయటికి పోకపోతే పొటాషియం రక్తంలో పేరుకుని గుండెని దెబ్బతీస్తుందట. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికొస్తుంది. పేరు మార్చుకోమని ఇక్కడ ఇద్దరు ముగ్గురు చెప్పారు, నాకు మార్చబుద్ధి కాలేదు.

బూరె వాళ్లమ్మగారూ, మీరు తెల్లారగానే తీసుకెళ్లారు. వాడు బతికింది అందుకే.

బూరె_వాళ్లమ్మ
మీ పోస్ట్ చదివి వాణ్ని ఒళ్లోకి తీసుకుని కూర్చున్నాను. మసి గురించి రాసినందుకు థాంక్సండీ.

తోక_పైకి
మగపిల్లి ఉన్న ప్రతివాళ్లూ పైన గండుపిల్లుల గారు రాసింది చదవాలి. లిట్టర్‌లో పదేపదే కూర్చుంటూ చుక్క రాకపోతే అర్ధరాత్రయినా సరే బయల్దేరాలి. తెల్లారేదాకా ఆగకూడదు.

గరివిడి_వెట్
వెటర్నరీ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను, ఇంకా డాక్టరుని కాదు. కాబట్టి మీ డాక్టరు మాటే ఫైనల్. లెక్కలు మాత్రం చెబుతాను.

పిల్లికి రోజుకి కిలో బరువుకి సుమారు 50 మిల్లీలీటర్ల నీళ్లు కావాలి, తిండిలో వచ్చేదీ కలుపుకుని. బూరె ఉండాల్సిన బరువు 5 కిలోలు అనుకుందాం. అంటే 250. ఇంట్లో ఉండే, ఆపరేషన్ అయిన పిల్లి కాబట్టి కేలరీలు 210 దగ్గర సరిపోతాయి.

మొత్తం డ్రై పెడితే 55 నుంచి 60 గ్రాములు. డ్రైలో తేమ పది శాతం లోపే, అంటే తిండి నుంచి వచ్చేది ఒక టీస్పూను నీళ్లు. మిగతా 245 వాడే గిన్నె దగ్గరికెళ్లి తాగాలి.

మొత్తం వెట్ పెడితే 85 గ్రాముల పౌచ్‌లు మూడు. అందులో నీళ్లు 80 శాతం దాకా ఉంటాయి. దాదాపు 200 మిల్లీలీటర్లు తింటూనే లోపలికి పోతాయి.

మన ఇంటి పిల్లుల మూలం ఆఫ్రికా, పశ్చిమాసియా ఎడారుల అడవిపిల్లి. వేటాడిన ఎలుకలో, పిట్టలో ఉన్న నీళ్లతోనే బతకడం దానికి అలవాటు. దాహం త్వరగా వేయదు, యూరిన్ బాగా చిక్కబరచగలదు. డ్రై తినే పిల్లి గిన్నెలో కాస్త ఎక్కువే తాగుతుంది, కానీ మొత్తం కలిపితే వెట్ తినేదానికంటే తక్కువే అవుతుంది. చిక్కటి యూరిన్‌లో క్రిస్టల్స్ కట్టడం తేలిక. మీ డాక్టరు వెట్ అన్నది అందుకే అయి ఉంటుంది.

గాజువాక_గిరి
లెక్క బాగుంది, ఒప్పుకుంటాను. అయితే నా పిల్లులకు ఎందుకు రాలేదంటే, ఇంట్లో నాలుగు చోట్ల నీళ్లు పెడతాను. అన్నీ వెడల్పాటి గిన్నెలు. మీసాలు అంచుకి తగిలితే పెద్దది తాగదు. తిండి పక్కన ఒక్కటీ పెట్టను, లిట్టర్ దగ్గర అసలే పెట్టను. పూటకోసారి మారుస్తాను. డ్రై పెట్టేవాళ్లు ఈ మాత్రం చేయాలి.

మధురవాడ_మౌనిక
మా దానికి ఎన్ని గిన్నెలు పెట్టినా బకెట్‌లో తల దూర్చి తాగడమే ఇష్టం 😀

కంచరపాలెం_కనకం
బకెట్ నీళ్లయినా తాగనీ తల్లీ, తాగితే చాలు.

హార్బర్_లక్ష్మి
బూరె అత్తగారి మాటని అలా తీసేయకండి. మాది చేపల ఇల్లు, పుట్టినప్పటి నుంచీ పిల్లుల మధ్యే పెరిగాను. తెల్లవారుజామున బోట్లు వచ్చే టైముకి ఫిషింగ్ హార్బర్‌లో నిలబడి చూడండి, అక్కడి పిల్లుల ఒళ్లు ఎలా నిగనిగలాడుతుంటుందో. మా ఇంట్లో కవళ్లు, కానాగంతలు ఉడికించి, ముళ్లు తీసి, కొంచెం అన్నంలో కలిపి పెడతాం. ఉప్పు, పసుపు, కారం ఏమీ వేయం. ఉల్లి, వెల్లుల్లి అయితే గిన్నెకి కూడా తగలనివ్వం, అవి పిల్లి రక్తాన్ని విరిచేస్తాయి. ఉడికించిన చేప కూడా వెట్ ఫుడ్డే కదేటి?

గరివిడి_వెట్
లక్ష్మి గారూ, తడిగా ఉంటుంది, నిజమే. ఉడికించడం కూడా మంచి పని. కొన్ని రకాల పచ్చి చేపల్లో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. రోజూ పచ్చిగా పెడితే బీ1 విటమిన్ లోపం వచ్చి పిల్లి తూలిపోతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. ఉడికిస్తే ఆ ఎంజైమ్ పోతుంది.

ఇబ్బంది ఎక్కడంటే, ముళ్లు తీసేసిన చేపలో కాల్షియం పెద్దగా ఉండదు, ఫాస్ఫరస్ ఎక్కువ. అన్నంతో కడుపు నిండుతుంది కానీ పిల్లికి కావాల్సింది మాంసం. హార్బర్ పిల్లి తలా, పేగులూ, ముల్లూ అన్నీ తింటుంది, మధ్యలో ఎలకనీ పడుతుంది. ఇంట్లో పిల్లికి మనం మెత్తటి కండ మాత్రమే పెడతాం. రోజు మొత్తం తిండిలో చేప పదో వంతు దాటకుండా చూసుకుంటే భయం లేదు. అదే పూర్తి తిండిగా నడపాలంటే డాక్టరు దగ్గర కూర్చుని సప్లిమెంట్లతో సహా లెక్క కట్టించుకోవాలి.

హార్బర్_లక్ష్మి
హార్బర్ పిల్లి ముళ్లతో సహా తింటుందన్న మాట నిజమే. అది నేను ఆలోచించలేదు. మా దానికి తల పెట్టడం ఒగ్గేసి మూడేళ్లయింది, గొంతులో గుచ్చుకుంటుందని భయం. ఈసారి డాక్టరు దగ్గరికెళ్లినప్పుడు అడుగుతాను.

గాజువాక_గిరి
ఇంకో సంగతి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులూ మనకే మంచి చేప దొరకదు, దొరికినా ధర మండిపోతుంది. చేపకే అలవాటు పడ్డ పిల్లికి అప్పుడేం పెడతారు?

హార్బర్_లక్ష్మి
చికెన్ ఉడికిస్తాం అండీ. ఎండు చేపలు మాత్రం పెట్టం, వాటి నిండా ఉప్పే.

సీతమ్మధార_శర్మ
మాది శాకాహారం ఇల్లు. మెట్ల కింద దొరికిన పిల్లిని మా అమ్మ చేరదీసింది. మొదటి ఐదారు నెలలు పెరుగన్నం, పాలు. తినేది, అమ్మ మురిసిపోయేది. తర్వాత విరేచనాలు, బొచ్చు రాలడం. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవని అప్పుడే తెలిసింది. ఆసుపత్రిలో ఒక పెద్దాయన అమ్మకి ఓపిగ్గా చెప్పారు: పిల్లికి టారిన్ అనే పోషకం కావాలమ్మా, అది మాంసంలోనే ఉంటుంది, పెరుగన్నం మీద ఉంచితే మెల్లగా చూపు పోతుంది, గుండె పెద్దదైపోతుంది అని.

ఇంటికొచ్చి దాని గురించి చదివాను. 1987లో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్‌లో పాల్ పయన్ బృందం ఈ గుండె జబ్బుకి కారణం టారిన్ లోపమేనని బయటపెట్టింది. అందులో నన్ను కదిలించిందేమిటంటే, ఆ పిల్లులు తిన్నది అన్నం కాదు, డబ్బు పెట్టి కొన్న క్యాట్ ఫుడ్డే. ఆ తర్వాతే కంపెనీలు టారిన్ మోతాదు పెంచాయి.

మా అమ్మ ఇప్పుడు పౌచ్ తనే విప్పుతుంది. బాల్కనీలో, దానికంటూ ఒక స్టీలు ప్లేటు, ఒక చెంచా. వంటింట్లోకి రానివ్వదు. మిగిలిన సగం మూత ఉన్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్ కింది అరలో ఒక మూలన. వాసన వస్తుందని మొదట్లో ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునేది, ఇప్పుడదీ లేదు. డెబ్బై రెండేళ్ల ఆవిడ ఒక పిల్లి కోసం అంత మారింది.

తోక_పైకి
శర్మ గారూ, అమ్మగారికి నా నమస్కారం చెప్పండి 🙏

మధురవాడ_మౌనిక
నాకు కళ్లు చెమర్చాయి. మా ఇంట్లో కూడా శాకాహారమే, ఫ్రిజ్ దగ్గరే గొడవ. ఈ పోస్ట్ మా అత్తగారికి చదివి వినిపిస్తాను.

గరివిడి_వెట్
శర్మ గారి మాటకి ఒకటి కలుపుతాను. వెట్టయినా డ్రైయైనా ప్యాకెట్ వెనక "కంప్లీట్" అని ఉందో లేదో చూడండి. "కాంప్లిమెంటరీ" అని ఉంటే అది పైపైన నంజుకునే పచ్చడి లాంటిది, దానిమీదే పెంచకూడదు. కొన్ని చేపముక్కల టిన్నులు, గొట్టాల్లో వచ్చే క్రీములు ఆ రకమే.

ప్రోటీన్ శాతం చూసి కూడా మోసపోకండి. డ్రై మీద 32 అని, పౌచ్ మీద 8 అని ఉంటే డ్రైలోనే ఎక్కువ అనిపిస్తుంది. నీళ్లు తీసేసి చూడాలి. డ్రైలో తేమ 10 అయితే 32ని 90తో భాగించండి, 36 శాతం దాకా వస్తుంది. పౌచ్‌లో తేమ 82 అయితే 8ని 18తో భాగించండి, 44 శాతం.

బూరె_వాళ్లమ్మ
ఇది మావారికి చూపించాను. "పౌచ్‌లో నీళ్లు కొంటున్నాం" అనే ఆయన ఇప్పుడు "నీళ్లే కొనాలన్నమాట" అంటున్నారు.

పళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు. డ్రై ఆపితే పళ్లు పాడవుతాయా?

రెండు_గండుపిల్లులు
మసిగాడు డ్రై మీదే పెరిగాడు, నాలుగో ఏటికే చిగుళ్లు ఎర్రబడ్డాయి. మామూలు గింజ పంటి మొన తగలగానే పగిలిపోతుంది, పళ్లని రుద్దదు. పళ్ల కోసమే పెద్ద గింజలుగా చేసిన డైట్లు వేరే ఉన్నాయి. అసలు మందు బ్రష్షే. పిల్లుల పేస్టే వాడాలి, మనది పనికిరాదు. నా రెండోవాడికి వేలికి గాజుగుడ్డ చుట్టి మొదలుపెట్టాను. నెల పట్టింది, ఇప్పుడు నోరు తెరుస్తాడు.

కంచరపాలెం_కనకం
వెట్ మంచిదే. కానీ దాని ఒక్కదానికే అలవాటు చేయకండి. ఎందుకంటున్నానో చెప్తా.

2014 అక్టోబరు 12, మన విశాఖ మీద హుద్‌హుద్ తుఫాను. అప్పుడు మా ఇంట్లో తెల్లమ్మ ఉండేది, ఎనిమిదేళ్లు, బాగా లావు. తాజా చేప, ఉడికించిన లివరు తప్ప ముట్టదు. నేనే అలా గారాబం చేశాను. తుఫాను గాలికి మా రేకులు లేచిపోయాయి. తెల్లారి చూస్తే చెట్టు అన్నది నిలబడి లేదు. కరెంటు లేదు, రోజుల తరబడి రాలేదు. ఫ్రిజ్‌లో ఉన్నది పాడైంది. బజారు లేదు, చేప లేదు, పాల ప్యాకెట్ కోసం గంటలు నిలబడ్డాం. పక్కింటి అబ్బాయి వాళ్ల పిల్లి డ్రై ఫుడ్ ఒక డబ్బాడు తెచ్చి ఇచ్చాడు. తెల్లమ్మ వాసన చూసింది, పక్కన నేలని పంజాతో గీకింది, తన మలాన్ని కప్పెట్టుకున్నట్టు. తిరిగి వెళ్లిపోయింది. రెండు రోజులు అంతే. మూడో రోజు చెవుల లోపల పసుపు కనిపించింది.

లావు పిల్లి తిండి మానేస్తే ఒంట్లో కొవ్వంతా లివరు మీద పడుతుందట. గోరువెచ్చటి నీళ్లలో గింజలు నానబెట్టి, మెత్తగా నలిపి, సిరంజితో పెట్టాను, రోజుకి ఆరేడుసార్లు. కొవ్వొత్తి వెలుగులో. రోడ్లు కొంచెం తెరుచుకున్నాక డాక్టరు దగ్గరికి మోసుకెళ్లాం. బతికింది, ఆ తర్వాత ఐదేళ్లు ఉంది. అప్పటి నుంచి మా ఇంట్లో ఏ పిల్లికైనా వారానికి రెండు మూడుసార్లు పిడికెడు డ్రై పెడతాను, రుచి మరిచిపోకుండా. మనది తుఫానుల ఊరు.

గాజువాక_గిరి
కనకం గారూ, ఇది వందకి వంద నిజం. ఆ వారం మా ఏరియాలో కూడా పిల్లులున్న ఇళ్లన్నీ డ్రై బ్యాగుల మీదే గడిచాయి.

గరివిడి_వెట్
కనకం గారు చెప్పిన లివరు జబ్బుని హెపాటిక్ లిపిడోసిస్ అంటారు. పిల్లికి "ఆకలేస్తే అదే తింటుందిలే" అన్న మాట పనికిరాదు. ఒక రోజంతా ఏమీ తినకపోతే ఫోన్ చేయండి, రెండో రోజుకి తీసుకెళ్లండి. తిండి మార్చేటప్పుడు మొండికేసినా ఇదే రూలు.

మధురవాడ_మౌనిక
మా కూనకి రెండున్నర నెలలు. ఏది మొదలుపెట్టాలి?

రెండు_గండుపిల్లులు
రెండూ. ఈ వయసులో నోటికి ఏది తగిలితే అదే జీవితాంతం తిండి అనుకుంటాయి. పేట్ (మెత్తటి మాంసం ముద్ద), గ్రేవీ, డ్రై, మూడూ రుచి చూపించండి. ప్యాకెట్ మీద కిట్టెన్ అని ఉన్నదే కొనండి.

నిర్వాహకుడు
ఇద్దరు సభ్యులు షాపు పేరు, ఆసుపత్రి పేరు రాస్తే తీసేశాను. మంచైనా చెడైనా ఇక్కడ పేర్లు వద్దు. చర్చ బాగా నడుస్తోంది, కొనసాగించండి.

బూరె_వాళ్లమ్మ
ఒక ముఖ్యమైన విషయం రాయడం మరిచాను. యూరిన్ టెస్ట్‌లో స్ట్రువైట్ అనే రకం క్రిస్టల్స్ అని వచ్చింది. డాక్టరు యూరినరీ డైట్ రాశారు, డ్రై ప్యాకెట్ ఇచ్చారు. మీ పోస్టులన్నీ చదివి నిన్న దాంతోపాటు మామూలు పౌచ్ ఒకటి కలిపి పెట్టాను. తప్పు చేశానా?

గరివిడి_వెట్
కంగారు పడకండి, ఒక్క రోజుకి ఏమీ కాదు. కానీ ఇక కలపకండి. ఆ డైట్ యూరిన్‌ని కాస్త ఆమ్లంగా ఉంచి, మెగ్నీషియం తగ్గించి స్ట్రువైట్‌ని కరిగిస్తుంది. వేరే తిండి కలిస్తే పని చెడుతుంది. అదే కాల్షియం ఆక్సలేట్ అనే ఇంకో రకం క్రిస్టల్స్ అయితే ఏ తిండికీ కరగదు. అందుకే టెస్ట్ లేకుండా ఊహ మీద యూరినరీ ఫుడ్ కొనకూడదు.

మీ డాక్టరుని రెండు అడగండి. ఇదే డైట్ వెట్‌లో ఇవ్వగలరా? దొరక్కపోతే ఈ డ్రైలో గోరువెచ్చటి నీళ్లు పోసి పెట్టవచ్చా? సాధారణంగా సరేనంటారు.

ఇంకో ప్రశ్న. బ్లాక్ అవ్వడానికి ముందు వారం ఇంట్లో ఏమైనా మారిందా?

బూరె_వాళ్లమ్మ
ఇంటికి రంగులు వేయించాం. నలుగురు పనివాళ్లు, నిచ్చెనలు, సామానంతా హాల్లో. బూరె ఆ ఐదు రోజులూ మంచం కిందే ఉన్నాడు. లిట్టర్ బాక్స్ కూడా వెనక బాల్కనీలోకి మార్చాను. దానికీ దీనికీ సంబంధం ఉందా?

గరివిడి_వెట్
ఉండొచ్చు. పిల్లికి భయం, టెన్షన్ నేరుగా మూత్రాశయం మీద పడతాయి. వాపు వస్తుంది, యూరిన్ ఆపుకుంటాడు, నీళ్లు తాగడానికి బయటికి రాడు. లావు, కదలిక లేకపోవడం, నీళ్లు తక్కువ, ఇంట్లో హడావుడి, ఇవన్నీ కలిసి వచ్చాయి. తిండి ఒక్కటి మారిస్తే సరిపోదు. లిట్టర్ బాక్స్ ముందున్న చోటే పెట్టి, నిశ్శబ్దంగా ఉండేచోట ఇంకోటి కూడా పెట్టండి.

బూరె_వాళ్లమ్మ
ఇది నాకు ఎవరూ చెప్పలేదు. పాత చోటికి ఇప్పుడే మార్చేశాను.

గాజువాక_గిరి
ఖర్చు సంగతి కూడా తేల్చుకుందాం. నేను కొనే డ్రై కిలో 450. రోజుకి 60 గ్రాములు అంటే 27 రూపాయలు, నెలకి 810. పౌచ్ 45 అనుకుంటే రోజుకి మూడు 135, నెలకి 4,050. చాలా ఇళ్లకి అది మోయలేని బరువు. ఎవరైనా వెట్ కొనలేకపోతే పిల్లి మీద ప్రేమ లేదని కాదు. అది ఇక్కడ ఎవరూ అనకూడదు.

రెండు_గండుపిల్లులు
ఎవరూ అనరు గిరి గారూ. రోజుకి ఒక పౌచ్, 40 గ్రాముల డ్రై, నెలకి 1,890 అవుతుంది. నేను ఇప్పుడు అదే చేస్తున్నాను. పౌచ్‌లో రెండు మూడు చెంచాల నీళ్లు కూడా కలుపుతాను, జావలా నాకేస్తాడు. ఆసుపత్రిలో మూడు రోజుల బిల్లు ఎంతయిందో బూరె వాళ్లమ్మగారికి తెలుసు.

బూరె_వాళ్లమ్మ
ఆ డబ్బుతో ఏడాది పౌచ్‌లు వచ్చేవి.

తోక_పైకి
మన వాతావరణం గురించి ఒకటి. సముద్రపు గాలికి డ్రై బ్యాగ్ విప్పిన పదిహేను రోజులకే మెత్తబడుతుంది, పాత నూనె వాసన వస్తుంది. చవకని పెద్ద బ్యాగ్ కొనకండి. బ్యాగ్‌తో సహా మూత గట్టి డబ్బాలో పెట్టండి, గింజలు విడిగా పోయకండి. వెట్ అయితే మే నెలలో గంటకి మించి బయట ఉంచను. చీమలకి పాత చిట్కానే, ప్లేటు కింద నీళ్ల పళ్లెం.

బూరె_వాళ్లమ్మ
అదే డైట్‌లో వెట్ దొరికింది, డాక్టరు సరేనన్నారు. కానీ వాడు ముట్టడం లేదు. కనకం గారు చెప్పినట్టే ప్లేటు పక్కన నేల గీకి వెళ్లిపోతున్నాడు. ఏం చేయాలి?

హార్బర్_లక్ష్మి
వెచ్చబెట్టండి. ఫ్రిజ్ చల్లదనానికి వాసన రాదు. పిల్లి ముక్కుతోనే తింటుంది. పౌచ్‌ని వేడినీళ్ల గ్లాసులో ఐదు నిమిషాలు ఉంచండి, ఒళ్లు వెచ్చన వరకే, పొగలు రాకూడదు. మీ వేలికి కొంచెం రాసి వాడి ముందు పెట్టండి. గుంటడు మొండివాడైనా అమ్మ వేలు నాకుతాడు.

రెండు_గండుపిల్లులు
వాడి డ్రై డైట్‌నే రోట్లో దంచి పొడి చేసి గ్రేవీ పైన చల్లండి. మొదటి రోజు గ్రేవీ ఒక చెంచా, మిగతాది డ్రై. పది రోజుల్లో మెల్లగా తిప్పండి. గిన్నె ఎప్పుడూ నిండుగా ఉంచడం మాత్రం ఆపండి, పూటలు పెట్టండి. కొంచెం ఆకలి ఉంటేనే కొత్తది రుచి చూస్తాడు.

బూరె_వాళ్లమ్మ
నాలుగో రోజు. వేలు నాకాడు!! తర్వాత ప్లేటు కూడా. మా అత్తగారు పక్కన కూర్చుని "తిను నాన్నా" అని వీపు నిమురుతూనే ఉన్నారు.

కంచరపాలెం_కనకం
ఆవిడ చెయ్యి పడింది కదా, ఇక తింటాడు.

బూరె_వాళ్లమ్మ
ఆరు వారాల తర్వాత రాస్తున్నాను. నిన్న యూరిన్ టెస్ట్‌లో క్రిస్టల్స్ లేవు. బరువు 5.5. డాక్టరు ఇంకొన్నాళ్లు ఇదే డైట్ ఉంచమన్నారు, ముప్పావు వంతు వెట్, పావు వంతు డ్రై. రోజూ పొద్దున లిట్టర్ తీసేటప్పుడు యూరిన్‌కి గడ్డకట్టిన ముద్దలు లెక్కపెడుతున్నాను. డ్రై మీద ఉన్నప్పుడు రెండు, నిమ్మకాయంత. ఇప్పుడు మూడు, ఒక్కోటి బత్తాయంత. పొద్దున్నే అవి కనిపిస్తే నాకు ప్రాణం లేచొస్తుంది.

సంక్రాంతికి మూడు రోజులు శ్రీకాకుళం వెళ్లాలి. వాణ్ని బస్సులో తిప్పితే మళ్లీ టెన్షన్ పడతాడని భయం. ఆటోమేటిక్ ఫీడర్‌లో డ్రై నింపి వెళ్లొచ్చా?

రెండు_గండుపిల్లులు
వద్దండీ. ఫీడర్ తిండి పెడుతుంది కానీ వాడు యూరిన్ పోశాడో లేదో చెప్పదు. రోజుకి రెండుసార్లు లిట్టర్ చూసే మనిషి ఉండాలి.

తోక_పైకి
నేనూ మీలాగే ఎంవీపీ కాలనీలోనే ఉంటాను, పండక్కి ఊరెళ్లడం లేదు. వచ్చే ఆదివారం మా ఆవిడతో వచ్చి బూరెకి కనిపించి వెళ్తాం, ముందే మా వాసన అలవాటైతే మంచిది. ఏ పూట ఎంత పెట్టాలో, లిట్టర్ గరిట ఎక్కడ ఉందో, డాక్టరు నంబరేమిటో ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించి ఉంచండి. పొద్దున, రాత్రి లిట్టర్ ఫోటో తీసి మీకు పంపుతాను.

బూరె_వాళ్లమ్మ
ఆదివారం తప్పకుండా రండి. ఇంట్లోనే భోజనం చేయాలి, అత్తగారి ఆర్డర్. కాగితం ఇప్పుడే రాస్తున్నాను.